ఆవపల్లి నుంచి స్కానింగ్ గది దాకా: దక్షిణ బస్తర్‌లో వైద్య ఇమేజింగ్ సేవల స్వరూపం

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఆవపల్లి వంటి మారుమూల కేంద్రాల్లో ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్ వంటి పరీక్షలు రోగికి ఉపయోగపడాలంటే యంత్రం ఒక్కటే చాలదు. దానిని నడిపే రేడియోగ్రాఫర్, అంతరాయం లేని విద్యుత్తు, చిత్రాన్ని చదివి నివేదిక రాసే వైద్యుడు, ఆ నివేదిక చికిత్స వేళకు చేరే ఏర్పాటు అన్నీ కుదరాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా రోగి మరో ఆసుపత్రికి, కొన్నిసార్లు మరో రాష్ట్రానికి ప్రయాణం కట్టవలసి వస్తుంది. ఈ సేవలకు సంబంధించిన నిబంధనలు, అవరోధాలు, రోగుల హక్కులపై సమగ్ర వివరణ ఇది.

ఆవపల్లి ఎక్కడ ఉంది?

బస్తర్ డివిజన్ దక్షిణ కొసన, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఉసూరు బ్లాకులో ఆవపల్లి ప్రధాన కేంద్రం. జిల్లా కేంద్రమైన బీజాపూర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, బాసగూడ వెళ్లే దారిలో ఉంది. దంతెవాడ జిల్లాను విభజించి 2007లో బీజాపూర్ జిల్లాను ఏర్పాటు చేశారు. కర్ణాటకలో ఇప్పుడు విజయపురగా పిలిచే పాత బీజాపూర్‌తో దీనికి సంబంధం లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లా జనాభా 2,55,230. వీరిలో సుమారు 80 శాతం మంది షెడ్యూల్డు తెగలవారు. అక్షరాస్యత 40.86 శాతం. ఆ లెక్కల్లో దేశంలోనే అత్యల్ప అక్షరాస్యత గల జిల్లాల్లో ఇది రెండవది. గోండి, దోర్లి, హల్బీ, తెలుగు, హిందీ ఇక్కడ వినిపించే భాషలు. దక్షిణాన ఉన్న దోర్ల గ్రామాల మాటలో తెలుగు ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

ఉసూరు బ్లాకుకు సామాజిక ఆరోగ్య కేంద్రం ఆవపల్లిలోనే ఉంది. అక్కడ వీలుకాని పరీక్షలకు రోగిని బీజాపూర్ జిల్లా ఆసుపత్రికి పంపుతారు. అక్కడా సాధ్యం కాకపోతే తదుపరి గమ్యం జగదల్‌పూర్ సమీపంలోని డిమ్రాపాల్‌లో ఉన్న బలిరాం కశ్యప్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి. బీజాపూర్ నుంచి జగదల్‌పూర్ 63వ నంబరు జాతీయ రహదారి మీదుగా సుమారు 160 కిలోమీటర్లు. అంటే ఆవపల్లి నుంచి మొత్తం 190 కిలోమీటర్ల ప్రయాణం. రహదారికి దూరంగా ఉన్న పల్లెల నుంచి రోగిని ముందుగా మంచం మీదనో, డోలీలోనో వాహనం ఆగే చోటికి మోసుకురావాలి. వానకాలంలో తాలిపేరు, చింతవాగు పొంగితే ఆ దూరం మరింత పెరుగుతుంది.

ఏ స్థాయిలో ఏ పరీక్ష?

ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ మెట్లు మెట్లుగా నిర్మితమైంది. మైదాన ప్రాంతాల్లో 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. గిరిజన, కొండ ప్రాంతాల్లో 80,000 మందికే ఒకటి ఉండాలన్నది నిబంధన. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఈ సంఖ్యలు 30,000, 20,000. ఉపకేంద్రానికి 5,000, 3,000. జనాభా పలుచగా ఉన్న బీజాపూర్ వంటి జిల్లాలో జనసంఖ్య లెక్క సరిపోయినా దూరం లెక్క సరిపోదు. 80,000 మంది వందల చదరపు కిలోమీటర్ల అడవిలో చెదిరి ఉంటారు.

జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో ఉచిత రోగనిర్ధారణ సేవల కార్యక్రమాన్ని ప్రారంభించింది. దీని కింద ఉపకేంద్రంలో 14, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 63, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 97, సబ్‌డివిజన్ ఆసుపత్రిలో 111, జిల్లా ఆసుపత్రిలో 134 రకాల పరీక్షలు ఉచితంగా అందాలి. దూరం నుంచి ఎక్స్‌రే చిత్రాలను చదివే టెలిరేడియాలజీ, జిల్లా ఆసుపత్రుల్లో సీటీ స్కాన్ సేవలు కూడా ఈ కార్యక్రమంలో భాగాలే.

సాధారణంగా ఎముకలు, ఛాతీ ఎక్స్‌రే సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయిలోనే అందవలసిన సేవ. అల్ట్రాసౌండ్‌కు శిక్షణ పొంది, చట్టప్రకారం అర్హుడైన వైద్యుడు కావాలి. సీటీ జిల్లా స్థాయి సేవ. ఎంఆర్‌ఐ ప్రధానంగా వైద్య కళాశాలలు, పెద్ద ఆసుపత్రులకు పరిమితం.

యంత్రం ఉన్నా సేవ ఎందుకు ఆగుతుంది?

గ్రామీణ ఆసుపత్రుల్లో ఇమేజింగ్ సేవ నిలిచిపోవడానికి కారణాలు తరచూ యంత్రానికి వెలుపలే ఉంటాయి.

మొదటిది సిబ్బంది. సామాజిక ఆరోగ్య కేంద్రానికి ఒక రేడియోగ్రాఫర్ ఉండాలన్నది ప్రమాణం. ఆ ఒక్కరు సెలవు పెట్టినా, బదిలీ అయినా గదికి తాళం పడుతుంది. రేడియాలజిస్టు ఆ స్థాయిలో ఉండవలసిన నలుగురు ప్రధాన నిపుణుల జాబితాలోనే లేరు. ఉండవలసిన నిపుణుల కొరత కూడా తీవ్రమే. కేంద్ర ఆరోగ్య శాఖ 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశవ్యాప్తంగా సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో శస్త్రచికిత్స నిపుణుల కొరత 83.2 శాతం, ప్రసూతి నిపుణుల కొరత 74.2 శాతం, ఫిజీషియన్ల కొరత 79.1 శాతం, పిల్లల వైద్యుల కొరత 81.6 శాతం.

రెండవది విద్యుత్తు. ఎక్స్‌రే యంత్రం ఒక్క క్షణంలో అధిక విద్యుత్తును లాగుతుంది. వోల్టేజి పడిపోతే చిత్రం పలచబడుతుంది, యంత్రమూ దెబ్బతింటుంది.

మూడవది అనుమతులు. ఎక్స్‌రే, సీటీ యంత్రాలకు అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు తప్పనిసరి. ఇందుకు ఈ-లోరా అనే ఆన్‌లైన్ వేదిక ఉంది. రేడియేషన్ భద్రతాధికారి నియామకం, సిబ్బందికి రేడియేషన్ మోతాదు కొలిచే బ్యాడ్జీలు, సీసపు ఏప్రాన్లు, గదికి తగిన గోడలు ఉండాలి. అల్ట్రాసౌండ్ యంత్రాలకు గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రత్యేక నమోదు అవసరం.

నాలుగవది నివేదిక. చిత్రం తీసిన తరువాత దానిని చదివి, కనిపించినదాన్ని రాసి, చికిత్స చేసే వైద్యుడికి చేరవేస్తేనే పరీక్ష పూర్తయినట్టు. నివేదిక లేని ఫిల్మును చేతబట్టుకుని రోగి తరువాతి ఆసుపత్రికి వెళితే, అక్కడ అదే పరీక్ష మళ్లీ చేయించే అవకాశం ఎక్కువ. దాంతో ఒక రోజు కూలి, ఒక ప్రయాణం, ఎక్స్‌రే అయితే ఒక మోతాదు రేడియేషన్ అదనంగా భరించవలసి వస్తుంది.

బీజాపూర్ జిల్లాలో ఈ కొరతను తీర్చేందుకు జిల్లా ఖనిజ నిధి నుంచి నిపుణ వైద్యులకు వేతనాలు చెల్లించే పద్ధతిని అనుసరించారు. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో ఈ నిధులు ఏర్పడ్డాయి. ఆయుష్మాన్ భారత్ కింద దేశంలో తొలి ఆరోగ్య, స్వస్థత కేంద్రాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2018 ఏప్రిల్ 14న ఈ జిల్లాలోని జాంగ్లాలోనే ప్రారంభించారు. నీతి ఆయోగ్ ఆకాంక్షిత జిల్లాల జాబితాలోనూ బీజాపూర్ ఉంది.

గర్భిణులకు స్కానింగ్: సమయమే కీలకం

గర్భిణులందరికీ 24 వారాలలోపు కనీసం ఒక అల్ట్రాసౌండ్ పరీక్ష జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సిఫారసు చేసింది. తొలి నెలల స్కాన్‌లో గర్భం వయసు, కవలల ఉనికి, గర్భసంచి బయట గర్భం నిలిచిందా అన్నవి తెలుస్తాయి. 18 నుంచి 20 వారాల మధ్య చేసే స్కాన్‌లో బిడ్డ అవయవ లోపాలు బయటపడతాయి. చివరి వారాల స్కాన్ మాయ కిందికి ఉందా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉందా, అడ్డంగా ఉందా అన్నది చెబుతుంది.

ఆవపల్లి వంటి చోట చివరి స్కాన్‌కు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. మాయ కిందికి ఉన్న గర్భిణికి ఇంటి వద్ద నొప్పులు మొదలై రక్తస్రావమైతే, రక్తం, శస్త్రచికిత్స అందే చోటికి చేర్చడానికి గంటలు పడుతుంది. అదే విషయం రెండు వారాల ముందు తెలిస్తే, ఆమెను ముందుగానే బీజాపూర్‌కో జగదల్‌పూర్‌కో తరలించి అక్కడే ఉంచవచ్చు. ఇక్కడ స్కానింగ్ పని ప్రమాదాన్ని పసిగట్టడమే కాదు, ప్రయాణానికి వ్యవధి ఇవ్వడం కూడా.

అవయవ లోపాల స్కాన్‌కు చట్టపరమైన గడువు కూడా ముడిపడి ఉంది. 2021 సవరణ తరువాత గర్భస్రావ చట్టం నిర్దిష్ట వర్గాల మహిళలకు 24 వారాల వరకు అనుమతిస్తుంది. బిడ్డకు తీవ్రమైన లోపాలున్నాయని వైద్య మండలి నిర్ధారిస్తే ఆ పరిమితి వర్తించదు. స్కాన్ ఆలస్యమైతే కుటుంబానికి ఆలోచించుకునే వ్యవధి మిగలదు.

ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు వైద్యుల పరీక్షలు జరుగుతున్నాయి. అల్ట్రాసౌండ్ కూడా ఇందులో భాగం.

చట్టం విధించిన హద్దులు

లింగ నిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చింది, 1996 జనవరి 1 నుంచి అమలులో ఉంది. 2003లో దానిని మరింత కఠినం చేశారు. తొలిసారి ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ప్రతి గర్భిణి స్కాన్‌కు ‘ఫారం ఎఫ్’ నింపాలి. రేడియాలజీలో పీజీ చేసిన వైద్యులు, ప్రసూతి నిపుణులతో పాటు, 2014 నిబంధనల ప్రకారం ఆరు నెలల శిక్షణ పొందిన ఎంబీబీఎస్ వైద్యులు కూడా గర్భిణులకు స్కాన్ చేయవచ్చు.

చేతిలో పట్టే అల్ట్రాసౌండ్ పరికరాలను ఊరూరా తీసుకువెళ్లడానికి వీలులేదు. నమోదైన ఆసుపత్రిలో అంతర్రోగులకు గానీ, పలు వైద్య సేవలందించే నమోదైన సంచార వైద్య వాహనంలో గానీ మాత్రమే వాటిని వాడాలని 2012 నిబంధనలు చెబుతున్నాయి. ఆడశిశువుల సంఖ్య పడిపోతున్న ప్రాంతాలను దృష్టిలో ఉంచుకుని చేసిన నియమాలివి. 2011లో దేశంలో ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి 1,000 మంది బాలురకు 919 మంది బాలికలుండగా, ఛత్తీస్‌గఢ్‌లో ఆ సంఖ్య 969. నిబంధనలు మాత్రం అన్ని చోట్లా ఒక్కటే. అందువల్ల మారుమూల బ్లాకుల్లో నమోదైన సంచార వాహనమే ఆచరణ సాధ్యమైన చట్టబద్ధ మార్గం.

క్షయ: లక్షణాలు లేనివారిని పట్టిచ్చే ఎక్స్‌రే

దేశవ్యాప్తంగా 2019-21లో జరిగిన క్షయ వ్యాప్తి సర్వేలో తేలిన ఒక అంశం ఇమేజింగ్ విలువను తేటతెల్లం చేసింది. సర్వేలో నిర్ధారణ అయిన క్షయ కేసుల్లో 42.6 శాతం ఛాతీ ఎక్స్‌రే తీయకపోతే తప్పిపోయేవి. లక్షణాలున్నవారిలోనూ సుమారు 64 శాతం మంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్లలేదు. దగ్గు ఉందా, జ్వరం ఉందా అని అడిగి వదిలేస్తే వ్యాధి ఎంత మేర దాగిపోతుందో ఈ లెక్కలు చెబుతున్నాయి.

చేతితో మోసుకెళ్లగల ఎక్స్‌రే యంత్రాలు ఈ పరిస్థితిని మార్చగలవు. బ్యాటరీతో నడిచే ఈ యంత్రాలు విద్యుత్తు లేని చోట కూడా పనిచేస్తాయి. 15 ఏళ్లు పైబడిన వారి ఛాతీ చిత్రాలను పరిశీలించేందుకు కృత్రిమ మేధ ఆధారిత సాఫ్ట్‌వేర్‌ను వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. కేంద్రం 2024 డిసెంబరు 7న 347 జిల్లాల్లో ప్రారంభించిన 100 రోజుల క్షయ నిర్మూలన కార్యక్రమంలో ఈ యంత్రాలను వినియోగించారు. అయితే సాఫ్ట్‌వేర్ అనుమానాన్ని మాత్రమే చూపుతుంది. వ్యాధి నిర్ధారణకు కఫం పరీక్ష జరగాల్సిందే. అనుమానితుల కఫం నమూనా ప్రయోగశాలకు చేరకపోతే ఎక్స్‌రే శిబిరం లెక్కల్లోనే మిగిలిపోతుంది.

సికిల్ సెల్, గాయాలు, పక్షవాతం

మధ్య భారత గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ రక్తహీనత ప్రధాన సమస్య. దీనిపై జాతీయ నిర్మూలన కార్యక్రమం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రారంభమైంది. వ్యాధిని గుర్తించేది రక్త పరీక్షే అయినా, దాని పర్యవసానాలను కనిపెట్టడానికి ఇమేజింగ్ కావాలి. ప్లీహం పరిమాణాన్ని అల్ట్రాసౌండ్, తుంటి ఎముక దెబ్బతినడాన్ని ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ చూపుతాయి. తీవ్ర రూపం ఉన్న 2 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో మెదడు రక్తనాళాల్లో ప్రవాహ వేగాన్ని కొలిచే డాప్లర్ పరీక్షతో పక్షవాతం ముప్పును ముందే గుర్తించవచ్చు.

తాటి, జీలుగ చెట్ల మీది నుంచి పడటం, రహదారి ప్రమాదాలు, ఎలుగుబంటి దాడులు, మందుపాతర పేలుళ్లు ఈ ప్రాంతంలో గాయాలకు కారణాలు. ఎముక విరిగినప్పుడు చాలామంది ముందుగా నాటు కట్టు కట్టేవారిని ఆశ్రయిస్తారు. ఎక్స్‌రే దగ్గరలో ఉంటే, కట్టుతో సరిపోయే విరుపుకూ, శస్త్రచికిత్స తప్పని విరుపుకూ తేడా తొలిరోజే తెలుస్తుంది.

తల గాయాలకు, పక్షవాతానికి సీటీ కీలకం. మెదడులో రక్తనాళం పూడిందా, చిట్లిందా అన్నది స్కాన్ లేకుండా తేల్చలేరు. పూడికను కరిగించే మందును లక్షణాలు మొదలైన 4.5 గంటలలోపు ఇవ్వాలి. 190 కిలోమీటర్ల ప్రయాణంలోనే ఆ వ్యవధి కరిగిపోతుంది. కాబట్టి జిల్లా కేంద్రంలో రాత్రింబవళ్లు పనిచేసే సీటీ ఈ ప్రాంత రోగుల విషయంలో ప్రాణావసరం.

నాణ్యత అంటే ఏమిటి?

మంచి ఛాతీ ఎక్స్‌రేకు కొన్ని సాధారణ కొలతలున్నాయి. రోగి నిండుగా ఊపిరి పీల్చి బిగపట్టాలి. దేహం పక్కకు తిరగకూడదు. ఊపిరితిత్తుల పై కొసల నుంచి కింది అంచుల దాకా చిత్రంలో పడాలి. పేరు, తేదీ, కుడి ఎడమల గుర్తు ఉండాలి.

ఇందులో భాష పాత్ర చిన్నది కాదు. ఊపిరి బిగపట్టమని హిందీలో చెబితే గోండి మాత్రమే తెలిసిన వృద్ధురాలికి అర్థం కాకపోవచ్చు. ఆమె ఊపిరి వదిలిన క్షణంలో తీసిన చిత్రంలో ఊపిరితిత్తుల అడుగుభాగం మసకబారి, లేని జబ్బు ఉన్నట్టు తోచే ప్రమాదం ఉంది. స్థానిక భాష తెలిసిన మితానిన్ కార్యకర్త గానీ, సహాయకురాలు గానీ పక్కన ఉండి సైగతో చూపించడం ఖర్చులేని నాణ్యతా చర్య. ఛత్తీస్‌గఢ్‌లో ఆశా కార్యకర్తలను మితానిన్‌లని పిలుస్తారు.

యంత్రం నాణ్యతను రెండేళ్లకొకసారి పరీక్షించాలన్నది అణుశక్తి నియంత్రణ మండలి నియమం. రేడియేషన్ మోతాదు విషయంలో ఛాతీ ఎక్స్‌రే భయపడవలసింది కాదు. అది 0.1 మిల్లీసీవర్ట్‌లోపే ఉంటుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదిలో అందే రేడియేషన్ ప్రపంచ సగటు సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌లు. కడుపు సీటీ ఒక్కదానిలో సుమారు 8 మిల్లీసీవర్ట్‌లు ఉంటుంది కాబట్టి దానిని అవసరం లేకుండా మళ్లీ చేయించకూడదు. అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐలలో ఈ తరహా రేడియేషన్ ఉండదు.

సరిహద్దు దాటే రోగులు

ఉసూరు బ్లాకు దక్షిణ గ్రామాలకు బీజాపూర్ కంటే తెలంగాణ దగ్గర. పామేడు చేరడానికి చాలాకాలం తెలంగాణలోని చర్ల మీదుగానే దారి. చర్ల, వెంకటాపురం, భద్రాచలం ఆసుపత్రులకు ఛత్తీస్‌గఢ్ రోగులు రావడం ఏళ్ల తరబడి సాగుతోంది. 2005లో మొదలైన సల్వాజుడుం కాలంలో వేలాది కుటుంబాలు అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వలస వచ్చాయి. మిరప కోతల కాలంలో కూలీల రాకపోకలు ఏటా ఉంటాయి. బంధుత్వం, భాష ఈ దారిని మరింత దగ్గర చేశాయి.

తెలంగాణ ప్రభుత్వం 2022 నవంబరులో 44 ప్రభుత్వ ఆసుపత్రుల్లో 56 టిఫా స్కానింగ్ యంత్రాలను ప్రారంభించింది. బిడ్డ అవయవ లోపాలను గుర్తించే ఈ పరీక్ష ప్రభుత్వ రంగంలో విస్తరించడం సరిహద్దు కుటుంబాలకూ ప్రయోజనకరమే. అయితే ఒక రాష్ట్రంలో మొదలైన వైద్యం మరో రాష్ట్రంలో కొనసాగేటప్పుడు పాత చిత్రాలు, నివేదికలు వెంట రాకపోవడం పెద్ద లోటు. 2021లో దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా సంఖ్యతో రికార్డులను అనుసంధానించే వీలుంది. రెండు వైపుల ఆసుపత్రులూ ఆ వ్యవస్థను వాడినప్పుడే అది అక్కరకొస్తుంది.

ఖర్చు ఎవరు భరిస్తారు?

ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచిత జాబితాలోని పరీక్షలకు రుసుము ఉండదు. 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన అర్హ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సను అందిస్తుంది. పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోని గుర్తింపు పొందిన ఆసుపత్రిలోనైనా కార్డు చెల్లుతుంది. కానీ ఇది ఆసుపత్రిలో చేరినవారికే. చేరడానికి ముందు 3 రోజులు, తరువాత 15 రోజుల ఖర్చులు ఇందులో కలుస్తాయి. చేరకుండా బయట చేయించుకునే స్కాన్ సొమ్మును రోగే చెల్లించాలి. ప్రయాణం, తోడు వచ్చినవారి తిండి, పోయిన కూలి ఈ పథకంలో లేవు. అత్యవసర ప్రయాణానికి 108, గర్భిణులకు 102 మహతారీ వాహనాలు ఉచితం.

రోగి, కుటుంబం గుర్తుంచుకోవలసినవి

• పరీక్ష తరువాత చిత్రంతో పాటు రాతపూర్వక నివేదికను అడిగి తీసుకోవాలి.
• పాత ఫిల్ములు, నివేదికలను తడవకుండా భద్రపరచి, ప్రతిసారీ వెంట తీసుకువెళ్లాలి.
• గర్భం ఉన్నా, ఉందన్న అనుమానమున్నా ఎక్స్‌రేకు ముందే సిబ్బందికి చెప్పాలి.
• చివరి రుతుస్రావం తేదీని రాసి ఉంచుకుంటే స్కాన్ సరైన వారంలో జరుగుతుంది.
• మరో ఆసుపత్రికి పంపుతున్నప్పుడు అక్కడ ఆ పరీక్ష ఆ రోజు జరుగుతుందో లేదో ఫోన్ చేసి తెలుసుకోమని సిబ్బందిని కోరాలి.
• బిడ్డ ఆడా, మగా అని అడగడం, చెప్పడం రెండూ నేరం.

సేవ మెరుగుపడిందా లేదా అన్నది కొనుగోలు చేసిన యంత్రాల సంఖ్యతో తేలదు. నెలలో ఎక్స్‌రే గది ఎన్ని రోజులు తెరిచి ఉంది, చిత్రం తీసిన ఎన్ని గంటల్లో నివేదిక వచ్చింది, ఎంత మంది గర్భిణులకు 24 వారాలలోపు స్కాన్ జరిగింది, ఎంత మందికి అదే పరీక్ష రెండోసారి చేయవలసి వచ్చింది అన్న నాలుగు లెక్కలు చాలు. ఈ వివరాలను ఆసుపత్రి రిజిస్టర్ల నుంచే తీయవచ్చు. వీటిని ఆవపల్లి వంటి బ్లాకు కేంద్రాల స్థాయిలో నెలనెలా ప్రకటిస్తే, లోపం సిబ్బందిలో ఉందో, విద్యుత్తులో ఉందో, నివేదికలో ఉందో జిల్లా యంత్రాంగానికీ ప్రజలకూ తెలుస్తుంది.